చేరిన పాఠాలెన్ని? చదివిన పాఠాలెన్ని?

కామారెడ్డి బస్టాండులో సాయంకాలం ఎల్లారెడ్డి బస్సు ఎక్కి చూడండి. కాలేజీ పిల్లలు, బడి పిల్లలు సంచులు ఒళ్ళో పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చుంటారు. ఒకనాడు నా పక్కన కూర్చున్న అబ్బాయిని ఊరికే అడిగాను, "ఫోనులో ఏమేం చదువుతున్నావు బాబూ?" అని. అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఇంగ్లీషు మాట్లాడటం, పైథాన్ అనే కంప్యూటర్ భాష, పదో తరగతి గణితం, బొమ్మలు గీయడం, జ్ఞాపకశక్తి పెంచుకోవడం. ఐదు కోర్సుల్లో సభ్యుడు! "పూర్తయినవి ఎన్ని?" అన్నాను. నవ్వి కిటికీ వైపు తిరిగాడు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. నా ఫోనులోనూ అప్పటికి నాలుగు కోర్సులు సగంలో ఉన్నాయి.

ఇది మా ఇద్దరి జబ్బే అనుకోకండి. అమెరికాలో హార్వర్డ్, ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయాలు 2012లో ఇంటర్నెట్ ద్వారా అందరికీ ఉచితంగా పాఠాలు చెప్పడం మొదలుపెట్టాయి. మొదటి ఏడాది 17 కోర్సులలో 8,41,687 నమోదులు జరిగాయి. సర్టిఫికెట్ దాకా వెళ్ళినవి 43,196. అంటే వందకు సుమారు ఐదు. ఇంకో అంకె వినండి: 2,92,852 నమోదులలో పాఠం తలుపే తెరవలేదు! వందకు 35 మంది పెళ్ళి పిలుపు అందుకుని భోజనానికి రానట్టు. ఆ లెక్క తీసిన పరిశోధకులే ఒక మాట అన్నారు. తొంగిచూసి నాలుగు ముక్కలు నేర్చుకుని పోయినవారిని ఓడిపోయినవారుగా లెక్కించరాదని. అది నిజమే. కాని బస్సులో ఆ అబ్బాయి తొంగిచూడడానికి చేరలేదు, చదువుదామనే చేరాడు.

దూరాన ఉండి చదువుకోవడం మన ప్రాంతానికి కొత్త విషయం కాదు. మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. ఆచార్య జి. రాంరెడ్డి దానికి తొలి ఉపాధ్యక్షులు. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఆ రోజుల్లో చేరినవారికి పుస్తకాల కట్ట ఇంటికి వచ్చేది. ఆ కట్ట గూట్లో కూర్చుని రోజూ మనిషిని చూసేది. దుమ్ము పడితే ఇంట్లో ఎవరో ఒకరు, "ఏమయ్యా, నీ డిగ్రీ ఏమైంది?" అని అడిగేవారు. 2020 సెప్టెంబరులో కరోనా కారణంగా బడులు మూసి ఉన్నప్పుడు టీవీలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి గదా, అవీ ఇల్లంతా వినబడేవి. ఫోనులోని కోర్సు అలా కాదు. అది ఎక్కడ ఉంది? అరచేతి వెడల్పు గాజు వెనకాల, ఇంకో ముప్ఫై బొమ్మల మధ్య. దుమ్ము పడదు. ఎవరూ అడగరు. కనబడని పని చేతిలో ఎంత ఉందో మనకే తెలియదు. నా ఉద్దేశంలో మన బద్ధకం కంటే ఈ కనబడకపోవడమే అసలు చిక్కు.

కనబడని పనిని కనబడేటట్టు చేసే ఉపాయం ఒకటి ఉంది. దాని పేరు కాన్‌బాన్. జపాను భాషలో ఆ మాటకు అర్థం పెద్ద విశేషం ఏమీ కాదు, సైన్‌బోర్డు, పలక అని! టయోటా మోటారు కార్ల కర్మాగారంలో తాయిచీ ఓనో అనే ఇంజనీరు 1940ల చివరి నుంచి 1950ల వరకు దీన్ని కొంచెం కొంచెంగా తయారు చేశాడు. అమెరికాలోని పెద్ద దుకాణాల పద్ధతి ఆయనకు నచ్చింది. అక్కడ కొనేవారు అరలోంచి ఎంత తీసుకుంటే అంతే మళ్ళీ నింపుతారు. ఎవరూ తీయకముందే తెచ్చి కుప్ప పోయరు. ఓనో దీన్ని కర్మాగారంలో పెట్టాడు. భాగాలున్న ప్రతి పెట్టెకు ఒక చీటీ. పెట్టె ఖాళీ అయితే చీటీ వెనక్కు వెళుతుంది. చీటీ చేతికి వస్తేనే వెనకవాడు కొత్త భాగాలు చేయాలి. చీటీ రాకపోతే చేయరాదు. చీటీలు ఎన్ని ఉన్నాయో అంతకంటే ఎక్కువ సరుకు ఎక్కడా పేరుకోదు. చూశారా, చీటీయే తాళం!

ఇలాంటి తాళం మన రైళ్ళలోనూ ఉండేది. ఒంటి పట్టాల మార్గంలో రెండు రైళ్ళు ఎదురైతే ప్రమాదం. అందుకని రెండు స్టేషన్ల మధ్య భాగానికి ఒక టోకెన్ ఇచ్చేవారు. ఇనుప గోళం లాంటిది. దాన్ని బెత్తపు చక్రంలో ఉన్న సంచిలో పెట్టి డ్రైవరు చేతికి అందించేవారు. టోకెన్ చేతిలో లేని డ్రైవరు ఆ భాగంలోకి బండి నడపరాదు. కామారెడ్డి మీదుగా పోయే సికింద్రాబాద్–మన్మాడ్ మార్గం కూడా ఒంటి లైనుగా వేసినదే. మీ తాతగారిని అడిగితే, రైలు పోతూ ఉండగా చక్రం అందుకునే దృశ్యం వర్ణించి చెబుతారేమో!

ఇక మనకు దగ్గరి సంగతి. 2004లో అమెరికా మైక్రోసాఫ్ట్ సంస్థలో ఒక చిన్న బృందం ఉండేది. వాళ్ళు సంస్థ లోపల వాడుకునే సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చేసిపెట్టేవారు. పని అడిగేవారు అమెరికాలో, పని చేసేవారు మన హైదరాబాదులో. ఒక మార్పు అడిగితే చేతికి రావడానికి సుమారు ఐదు నెలలు పట్టేది. అందరికీ చిరాకే. మనుషులు బద్ధకస్థులా? కారు. వచ్చిన ప్రతి కోరికకూ "ఇది ఎన్ని రోజుల పని?" అని అంచనా వేయడానికే వాళ్ళ సమయంలో పెద్ద భాగం పోయేది. ఆ పనులలో చాలా వాటి వంతు ఎప్పటికీ వచ్చేది కాదు. డేవిడ్ ఆండర్సన్ అనే ఇంజనీరు సలహాతో వాళ్ళు అంచనాలు ఆపేశారు. ఒకసారికి చేతిలో ఇన్నే పనులు అని హద్దు పెట్టుకున్నారు. ఒకటి పూర్తయితేనే ఇంకొకటి లోపలికి. తొమ్మిది నెలలు తిరిగేసరికి ఐదు నెలల జాప్యం రెండు వారాలకు దిగివచ్చింది. మనుషులు వాళ్ళే, తెలివి అదే. గోడ మీద చీటీలు అంటించే బోర్డు ఆండర్సన్ తర్వాత ఇంకోచోట చేర్చాడు. ముందు వచ్చింది హద్దు, బోర్డు తర్వాత. ఈ వరస జ్ఞాపకం ఉంచుకోండి. రంగు చీటీలు చూసి మురిసిపోయి హద్దు మరచిపోయేవారు చాలామంది.

హద్దు పెడితే తొందరగా ఎందుకు అవుతుంది? ఇందులో గణితం ఉంది. మీ ఇంటి తొట్టిలో 60 బిందెల నీళ్ళున్నాయి అనుకోండి. రోజూ 20 బిందెలు తోడి, 20 బిందెలు పోస్తారు. ఇవాళ పోసిన బిందెడు నీరు సగటున ఎన్నాళ్ళకు బయటపడుతుంది? 60ని 20తో భాగించండి, మూడు రోజులు. తొట్టిలో ఎప్పుడూ 20 బిందెలే ఉంచితే? ఒక్క రోజు. తోడేవాడి బలం పెరగలేదు, తొట్టిలో నిలవ తగ్గింది, అంతే. దీన్ని 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు గణితరీత్యా నిరూపించాడు. అందుకే లిటిల్ సూత్రం అంటారు. లోపలికి వచ్చేది, బయటికి పోయేది చాలాకాలం మీద సమానంగా ఉంటే చాలు, దుకాణం ముందు వరసకైనా, ఆసుపత్రికైనా, మీ కోర్సులకైనా ఈ సూత్రం చెల్లుతుంది. నెలకు ఒక కోర్సు పూర్తి చేసే శక్తి మీకు ఉందనుకుందాం. చేతిలో ఆరు పెట్టుకుంటే ఒక్కొక్కటి సగటున ఆరు నెలలు లాగుతుంది. రెండు పెట్టుకుంటే రెండు నెలలు. ఆరు నెలలు లాగిన కోర్సులో మొదటి పాఠం ఎవరికి గుర్తుంటుంది?

నమ్మకం కలగకపోతే ఇప్పుడే ఒక ప్రయోగం చేయండి. కాగితం మీద మూడు గళ్ళు గీయండి. ఒక గడిలో 1 నుంచి 12 వరకు అంకెలు, రెండో గడిలో అ నుంచి 12 అచ్చులు, మూడో గడిలో చైత్రం నుంచి ఫాల్గుణం వరకు నెలలు రాయాలి. మొదటిసారి ఒక అంకె, ఒక అచ్చు, ఒక నెల, మళ్ళీ ఒక అంకె... ఇలా అడ్డంగా రాయండి. స్నేహితుడు గడియారం చూడాలి. రెండోసారి అంకెలన్నీ ముగించి, అచ్చులన్నీ ముగించి, ఆపైన నెలలు రాయండి. రెండు కాలాలూ పోల్చండి. అడ్డంగా రాసినప్పుడు "శ్రావణం తర్వాత ఏమిటి?" అని ఎన్నిసార్లు ఆగారో కూడా లెక్కపెట్టండి. ఐదు కోర్సులు ఒకేసారి చదివేవాడి బుర్రలో రోజూ జరిగేది అదే.

సరే, బోర్డు ఎలా చేయాలి? డబ్బు ఖర్చు పెట్టకండి. పాత క్యాలెండరు వెనక వైపు చాలు. చీటీలకు పెళ్ళి పత్రికలు కత్తిరించుకోండి, మన ఇళ్ళలో వాటికి కరువు లేదు. మైదా గంజితో అంటించవద్దు, చీటీ కదలాలి గనుక గుండుసూదులు మేలు. నాలుగు నిలువు గళ్ళు గీయండి: చేరాలని ఉంది, చదువుతున్నాను, ఆగింది, పూర్తయింది. "చదువుతున్నాను" గడి మీద పెద్దగా 2 అని రాయండి. అదే హద్దు. అందులో రెండు చీటీలుంటే మూడోది ఎంత ఉచితమైనా, ఎంత మంచిదైనా మొదటి గడిలో వేచి ఉండవలసిందే.

ఒక్కో కోర్సుకు ఒక చీటీ. దాని మీద కోర్సు పేరుతోపాటు సభ్యత్వం సంగతి రాయాలి. ఈ భాగం కొంచెం శ్రద్ధగా చదవండి, ఇందులో ఇంట్లోవాళ్ళ డబ్బు ఉంది. కొన్ని కోర్సులు నిజంగానే ఉచితం. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన స్వయం అనే వేదికలో పాఠాలకు డబ్బు లేదు, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాసేవారే రుసుము కట్టాలి. మరికొన్ని కోర్సులు కొన్ని రోజులు ఉచితం, ఆపైన బ్యాంకు ఖాతా నుంచి వాటంతటవే డబ్బు తీసుకుంటాయి. అలాంటి వాటికి ఒప్పుకోవద్దని 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులను హెచ్చరించింది. డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందే ఖాతాదారుకు సందేశం పంపాలని రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి నియమం పెట్టింది. మంచిదే. కాని ఆ సందేశం ఏ ఫోనుకు వస్తుంది? కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఎన్నో ఇళ్ళలో నాన్న గల్ఫులో ఉంటాడు. కోర్సు ఇక్కడ, సందేశం మస్కట్‌లో! పని మధ్యలో ఆయన దాన్ని చూస్తాడో, చూడడో. కాబట్టి చీటీ మీద ఎర్ర సిరాతో మూడు సంగతులు రాయండి: ఎవరి ఫోను నెంబరుతో చేరారు, ఎంత డబ్బు, మళ్ళీ కట్టవలసిన తేదీ ఏది. సంకేతపదం మాత్రం రాయకండి, అది గోడకు చెప్పే సంగతి కాదు. తేదీకి వారం ముందు చీటీ ఏ గడిలో ఉందో చూడండి. "ఆగింది"లో ఉంటే అమ్మతో చెప్పి సభ్యత్వం రద్దు చేయించండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఈ పద్ధతి తెలిసిన కొత్తలో నాకు ఉత్సాహం ఎక్కువ. ఒక బడిలో పిల్లల కోర్సులకు ఇలాంటి బోర్డు పెట్టించాను. కోర్సుల పేర్లు కాక పిల్లల పేర్లు చీటీల మీద రాయించాను. చూసేవారికి బాగుంది. నెల తిరిగేసరికి "ఆగింది" గడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి పేరు ఒక్కటే మిగిలింది. దారిన పోయే ప్రతివారూ చదివేవారు. ఆ అమ్మాయి ఆ గోడ వైపు రావడమే మానేసింది. పిలిచి అడిగాను, "ఏం బిడ్డా, పాఠాలు కష్టంగా ఉన్నాయా?" అని. తల వంచుకుని, "కాదు సార్. ఫోను పొద్దున మా అన్న పట్టుకపోతడు సార్. రాత్రి ఎనిమిదింటికి వస్తడు. అప్పుడు అవ్వతోని బీడీలు కట్టాలె," అంది.

మరి ఆగింది ఎవరు? అమ్మాయా, ఫోనా? నా బోర్డు అమ్మాయి అని చెప్పింది. తప్పు చెప్పింది. టయోటా కర్మాగారంలో ఎక్కడైనా లోపం కనబడితే కూలివాడే తాడు లాగి పని ఆపవచ్చు. ఆపినవాడిని తిట్టరు. లోపం ఎక్కడుందో చూడడానికి అందరూ అక్కడికి వస్తారు. నేను తాడు లాగిన పిల్ల మెడకే ఆ తాడు చుట్టాను. ఆనాటి నుంచి నాకు రెండు నియమాలు. బడి గోడ మీద పిల్లల పేర్లు ఉండరాదు, పని పేరే ఉండాలి. "ఆగింది" గడిలోకి వచ్చిన చీటీ కింద కారణం రాయాలి: ఫోను దొరకలేదు, సిగ్నల్ లేదు, మూడో పాఠం అర్థం కాలేదు, డబ్బు కట్టమన్నారు. అలా రాసి చూస్తే చాలా చీటీల కింద ఒకే మాట కనబడింది: ఫోను. అది పిల్లల్ని మందలిస్తే తీరేది కాదు. బడిలోని కంప్యూటర్ల గది సాయంత్రం ఒక గంట తెరిచి ఉంచితే తీరేది. ఉపాధ్యాయులు ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు, అందుకే ఇంత విడమరచి చెబుతున్నాను.

ఇంట్లోనూ ఈ సంగతి పనికివస్తుంది. ఒక ఫోను, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంట్లో బోర్డు గోడ మీద ఉంటే ఎవరి పని ఎక్కడ ఆగిందో అందరికీ తెలుస్తుంది. ఇలాంటి బోర్డులు ఫోనులోనే పెట్టుకోవడానికి ట్రెల్లో వంటివి వచ్చాయి, గోడ ఎందుకు అని కొందరు అంటారు. ఉద్యోగస్థులకు అవి మంచివే. కాని ఫోను దొరకని పిల్ల తన కష్టాన్ని ఫోనులోనే ఎలా రాసుకుంటుంది? అన్నకు కనబడవలసింది గోడ మీద చీటీయే. తమ్ముడికి రెండు గంటలు, అక్కకు పావుగంట ఫోను ఇస్తున్న ఇళ్ళు నేను చూశాను. అడిగితే, "ఎవరికి ఎంతసేపో మేం లెక్క పెట్టలేదు సార్" అంటారు. అది నిజమే, నిజంగానే లెక్క పెట్టలేదు. బోర్డు పక్కన ఎవరు ఎంతసేపు అని గీతలు గీస్తే వారం రోజుల్లో లెక్క తేలుతుంది. పోట్లాట అవసరం లేదు.

కర్మాగారం పద్ధతిని చదువుకు తగిలించడం న్యాయమా అని మీరు అడగవచ్చు. ఆ అనుమానం నాకూ ఉంది. కారుకు నాలుగు చక్రాలు బిగిస్తే చక్రాల పని అయిపోయినట్టే. చదువు అలా కాదు. చివరి వీడియో చూశాను గనుక "పూర్తయింది" అనడం కుదరదు. మా బోర్డులో ఆ గడికి ఒక షరతు పెట్టాము. ఫోను చేతిలో లేకుండా, ఆ కోర్సులో నేర్చుకున్నది ఇంకొకరికి పది నిమిషాలు చెప్పగలగాలి. వినేవారు చెల్లెలైనా సరే, తాతయ్యయినా సరే. "ఏమన్నవో నాకు తెల్వలే" అని తాతయ్య అంటే చీటీ వెనక్కు.

ఎల్లారెడ్డికి దగ్గరలోనే నిజాంసాగర్ ఉంది. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాన్ని కట్టిన ఇంజనీరు. మొదట సుమారు 29 టి.ఎం.సి.ల నీరు పట్టేదిగా ఉండేది. మంజీర తెచ్చిన పూడిక చేరి చేరి ఇప్పుడు 18 టి.ఎం.సి.ల లోపే పడుతుంది. సగంలో వదిలేసిన కోర్సులు కూడా పూడిక వంటివే. కదలవు, పనికిరావు, చోటు మాత్రం ఆక్రమిస్తాయి. అందుకని బోర్డు పెట్టిన మొదటి రోజున మీ సభ్యత్వాలన్నిటికీ చీటీలు రాయండి, సిగ్గుపడకుండా. ఎక్కువ భాగం "ఆగింది"లోకే పోతాయి. వాటిలో నిజంగా కావలసినవి ఏవో ఏరుకుని, మిగిలినవి రద్దు చేసి చించేయండి. చించడం మొదట బాధగా ఉంటుంది. ఉచితంగా వచ్చినదాన్ని వదులుకోవడం మన ఒంటికి పడదు గదా!

నా బోర్డు మీద ఇవాళ "చదువుతున్నాను" గడిలో ఒక్క చీటీ ఉంది, పక్షులను గుర్తుపట్టడం. రెండోది ఉర్దూ లిపి. అది "ఆగింది"లోకి వెళ్ళి మూడు వారాలయింది. కారణం రాయాలన్న నియమం నాదే గనుక తప్పలేదు, దాని కింద ఎర్ర సిరాతో "బద్ధకం" అని రాసి ఉంది. మా ఇంటికి వచ్చినవారందరూ అది చదివి నవ్వుతున్నారు.